సరిహద్దు దాటిన ప్రేమకథలో మెచ్చదగినదేది, తప్పుపట్టదగినదేది?

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయురాలిని. మా అమ్మాయి పోరు పడలేక నెట్‌ఫ్లిక్స్‌లో ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’ అనే కొరియన్ ధారావాహిక మొత్తం చూశాను. సగం దాకా కళ్లు తుడుచుకుంటూ చూశాను, ఆ తరువాత చాలాచోట్ల విసుగు పుట్టింది. మా కాలనీ గ్రంథాలయంలో నెలకొకసారి కలుసుకుని ఏదో ఒక రచన గురించి మాట్లాడుకుంటాం. ఈసారి దీని గుణదోషాల మీద నేను మాట్లాడాలి. ఒక మిత్రురాలు ‘నియంత పాలనలో నలిగే దేశాన్ని విహారస్థలంలా చూపించారు’ అంటున్నారు. మరొకరు ‘కోటీశ్వరురాలి కథే కదా, మన సీరియళ్ల కన్నా ఏం ఎక్కువ’ అంటున్నారు. నా కన్నీళ్లు కథ బలం వల్ల వచ్చినవా, గారడీ వల్ల వచ్చినవా అని నాకే అనుమానంగా ఉంది. నన్ను ఏం మాట్లాడమంటారు? మా పన్నెండేళ్ల మనవరాలికి దీన్ని చూపించవచ్చా?
— రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం:

టీచరు గారూ, మీ మిత్రురాళ్లిద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది కానీ, అసలు విషయాన్ని పట్టుకున్నది మీరే. సగం దాకా కన్నీళ్లు, ఆ తరువాత విసుగు అని మీరు ఒక్క వాక్యంలో రాసేసినదాన్నే విప్పి చెబితే మీ ప్రసంగం సిద్ధమైనట్టే. నా అభిప్రాయంలో ఈ ధారావాహికను నిలబెట్టింది ప్రేమజంట కాదు, ఆ జంట చుట్టూ ఉన్న ఊరు, ఆ ఊరిని లోకం నుంచి వేరు చేసిన సరిహద్దు. సరిహద్దు నిజంగా దాటరానిదిగా ఉన్నంతసేపూ కథలోని చిన్న మాటకు కూడా బరువు ఉంటుంది. అవసరం ఉన్నవాళ్లందరూ దాన్ని దాటి రావడం మొదలుపెట్టాక ఆ బరువు పోతుంది, అది పోయిన చోట తుపాకులు, ఆస్పత్రి మంచాలు, ఆస్తి తగాదాలు వచ్చి చేరతాయి.

చూడనివారి కోసం నాలుగు వివరాలు ముందుగా చెప్పవలసి ఉంటుంది. దక్షిణ కొరియాలోని టీవీఎన్ అనే కేబుల్ చానల్‌లో 2019 డిసెంబర్ 14 నుంచి 2020 ఫిబ్రవరి 16 వరకు శని, ఆదివారాల్లో ఇది 16 భాగాలుగా ప్రసారమైంది. రచన పాక్ జీ-ఉన్, దర్శకత్వం లీ జంగ్-హ్యో. చివరి భాగానికి వచ్చిన సుమారు 21.7 శాతం రేటింగ్ అప్పటికి ఆ చానల్ చరిత్రలోనే అత్యధికం; 2024లో అదే రచయిత్రి రాసిన మరో ధారావాహిక ఆ రికార్డును దాటింది. కథ ఇంతే: సోల్ నగరంలో పెద్ద వ్యాపార కుటుంబానికి చెందిన యూన్ సే-రి పారాగ్లైడింగ్ చేస్తూ సుడిగాలిలో చిక్కుకుని సరిహద్దు అవతల ఒక చెట్టుకు వేలాడుతుంది. అక్కడ కాపలా ఉన్న ఉత్తర కొరియా సైనికాధికారి రి జంగ్-హ్యోక్ ఆమెను అధికారులకు అప్పగించకుండా తన ఇంట్లో దాచి, తిరిగి పంపే మార్గం వెతుకుతాడు. ఈ పాత్రల్లో సన్ యే-జిన్, హ్యున్ బిన్ నటించారు. వాళ్లిద్దరూ 2022 మార్చి 31న నిజంగానే పెళ్లి చేసుకున్నారని సభలో ఎవరో ఒకరు తప్పక గుర్తుచేస్తారు, ఒక చిరునవ్వుతో దాటవేయండి. ఆ కబురు ధారావాహిక గుణమూ కాదు, దోషమూ కాదు, కానీ పట్టించుకుంటే మీకిచ్చిన సమయమంతా అదే తినేస్తుంది.

ఇప్పుడు బలం సంగతి. ప్రేమకథకు అడ్డంకి కావాలి. ఈ కాలపు కథలకు వచ్చిన పెద్ద చిక్కేమిటంటే నిజమైన అడ్డంకి దొరకదు. అపార్థం వస్తే ఒక్క ఫోనుతో తీరిపోతుంది, ఊళ్లు వేరైతే రాత్రి బస్సు ఉంది, పెద్దలు ఒప్పుకోకపోతే నాలుగు భాగాల తరువాత ఒప్పుకుంటారని చూసేవాళ్లందరికీ తెలుసు. కొరియా ద్వీపకల్పంలో మాత్రం అలాంటి అడ్డంకి ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. 1953 జులై 27న యుద్ధవిరామ ఒప్పందం కుదిరిందే తప్ప శాంతి ఒప్పందం జరగలేదు. సుమారు 250 కిలోమీటర్ల పొడవున, 4 కిలోమీటర్ల వెడల్పున పరచుకున్న నిస్సైనిక మండలానికి ఇటువైపు మనిషి అటువైపు మనిషికి ఉత్తరం రాయలేడు, ఫోను చేయలేడు. విడిపోయిన కుటుంబాల వృద్ధులను ప్రభుత్వాలు అప్పుడప్పుడు కొద్ది రోజులు కలిపేవి, అలాంటి కలయిక చివరిసారి జరిగింది 2018 ఆగస్టులో. కాబట్టి ఈ కథలో ‘మళ్లీ కలుద్దాం’ అనే మాటను ఎవరూ అలవోకగా అనలేరు. కొరియా ప్రేక్షకులకు అది తాతల నాటి గాయం.

తొమ్మిదో భాగంలో సే-రిని సరిహద్దు వరకు దిగబెట్టే సన్నివేశం మళ్లీ ఒకసారి చూడండి. ఆ అడవిలో దారులన్నీ తెలిసిన అధికారి కావాలనే దారి తప్పినట్టు నటిస్తూ ఆమెను తిప్పుతాడు, ఇంకొంచెం సేపు కలిసి నడవడానికి. సరిహద్దు గీత దగ్గరికి వచ్చాక తాను ఇక ముందుకు రాలేనంటాడు, ఆమె వెళ్లిపోతుంది, అప్పుడు ఒక్క అడుగు వేసి గీత దాటుతాడు. మరో కథలో అయితే అది ఉత్త అడుగే. ఇక్కడ దాని వెనుక అరవై ఆరేళ్ల చరిత్ర ఉంది కనుక కన్నీళ్లు వచ్చాయి. ఆ కన్నీళ్లను మీరు అనుమానించవలసిన పని లేదు.

ఇక ఊరు. నన్నడిగితే మీ ప్రసంగంలో సగం సమయం దీనికే ఇవ్వండి. ఉత్తర కొరియాలో పుట్టి దక్షిణ కొరియాకు వచ్చినవారు రచనకు సాయపడ్డారు, ఆ సాయం ప్రతి వీధి మలుపులోనూ కనిపిస్తుంది. కరెంటు పోగానే ఎవరి పనిలో వాళ్లు ఉండిపోయే అలవాటు, మాంసాన్ని ఉప్పులో పెట్టి దాచుకోవడం, శీతాకాలానికి ముందు ఆడవాళ్లంతా కలిసి కిమ్చీ అనే క్యాబేజీ ఊరగాయ పెట్టుకోవడం, సంతలో బల్ల కింది నుంచి అమ్మే దక్షిణాది సబ్బులు, షాంపూలు చూస్తుంటే ఆ జీవితం మనకు తెలిసినట్టే అనిపిస్తుంది. ఊళ్లోని నలుగురు ఆడవాళ్లు మొదట హాస్యానికి పెట్టిన బృందంలా కనిపిస్తారు. భర్తల హోదాను బట్టి వాళ్లలో వాళ్లకు పెద్దరికాలు, ఒకరింట్లో కొత్త వస్తువు వస్తే ఇంకొకరికి నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ మనకు నవ్వు తెప్పిస్తాయి. కానీ ఒకరి భర్తకు ఆపద వచ్చి ఊరంతా ఆ గడప తొక్కడానికి భయపడినప్పుడు వీళ్లే చీకట్లో ఆ ఇంటికి వెళతారు. ఇంత నిండుగా రాసిన స్త్రీల బృందం కథానాయికకు చెలికత్తెల స్థానంలో దొరకడం ప్రేమకథల్లో అరుదు.

ఆ ఊళ్లోనే జంగ్ మాన్-బోక్ అనే చిన్న ఉద్యోగి ఉన్నాడు. ఇతరుల ఇళ్లలో మాటలను యంత్రం పెట్టి రహస్యంగా వినడమే అతని పని. తనకు మేలు చేసిన మనిషి మాటలే, అంటే కథానాయకుడి అన్న మాటలే, వినవలసి వచ్చి, ఆ సమాచారం అతని చావుకు దారితీసిందన్న భారంతో బతుకుతుంటాడు. పనిలో భాగంగా రోజంతా కథానాయికా నాయకుల మాటలు వింటూ మెల్లగా వాళ్ల పక్షానికి చేరిపోతాడు. కిమ్ యంగ్-మిన్ ఈ పాత్రను పోషించిన తీరు చూశాక, ప్రధాన తారల కన్నా ఇతనే ఈ ధారావాహికకు నైతిక కేంద్రమని నాకు అనిపించింది. మీ మొదటి మిత్రురాలికి ఇవ్వవలసిన జవాబులో కొంత ఈ పాత్రలోనే దొరుకుతుంది.

ఆమె ఆక్షేపణను తేలికగా తీసిపారేయకండి. ఆకలి, నిర్బంధ శిబిరాలు ఈ కథలో అంచుల్లో తొంగిచూసి తప్పుకుంటాయి. ఇంటి సోదాలు, రహస్యంగా వినడం, అకస్మాత్తుగా మనుషుల్ని పట్టుకుపోవడం కనిపిస్తాయి కానీ, ఆ దుర్మార్గమంతా చో చోల్-గాంగ్ అనే ఒక్క అధికారి నెత్తిన వేసి, అతను పోతే వ్యవస్థ బాగుపడుతుందన్నంత తేలికగా చూపించారు. పైగా కథానాయకుడి తండ్రి సైన్యంలో అత్యున్నత రాజకీయ పదవిలో ఉన్నవాడు. మామూలు సైనికుడు చేస్తే ప్రాణం పోయే పనులను ఇతను చేసి కూడా బయటపడగలగడానికి అదే కారణం. రచయిత్రి ఈ వెసులుబాటును పదేపదే వాడుకుంది, దాని అన్యాయాన్ని మాత్రం ఒక్కసారి కూడా సూటిగా ప్రశ్నించలేదు. దక్షిణ కొరియా టీవీ నాటకాలంటే పడిచచ్చే కిమ్ జు-మోక్ అనే సైనికుడి పాత్ర మనల్ని ఎంతో నవ్విస్తుంది, సోల్‌లో తన అభిమాన నటి చోయ్ జి-వూను అతను కలుసుకునే సన్నివేశం ముచ్చటగా ఉంటుంది. అయితే ఇది ప్రసారమైన ఏడాదిలోనే, 2020 డిసెంబర్‌లో, ఉత్తర కొరియా తెచ్చిన చట్టం ప్రకారం అలాంటి నాటకాలు చూడటానికి ఏళ్ల తరబడి కఠిన శిక్ష, వాటిని పంచిపెట్టడానికి మరణశిక్ష కూడా పడవచ్చు. ఇది తెలిశాక ఆ నవ్వు కొంచెం గొంతులో అడ్డం పడుతుంది, పడాలి కూడా.

అయినా ‘విహారస్థలంలా చూపించారు’ అన్న మాట పూర్తిగా న్యాయం కాదు. 2020 జనవరిలో దక్షిణ కొరియాలోని ఒక చిన్న పార్టీ ఉత్తరాదిని గొప్పచేసి చూపిస్తున్నారంటూ పోలీసులకు ఫిర్యాదు కూడా చేసింది. కానీ గొప్పచేసింది ప్రభుత్వాన్నా, అక్కడి మనుషులనా? ఏడు దశాబ్దాలుగా ఎక్కువగా శత్రువులుగానో అభాగ్యులుగానో తెరకెక్కిన ప్రజలకు ఈ ధారావాహిక ఈర్ష్యలు, వంటలు, పిల్లల చదువుల బెంగలు, పరిహాసాలు ఇచ్చింది. కరెంటు లేక ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌కు వెళ్లే రైలు బయలు మధ్య ఆగిపోతే, చుట్టుపక్కల పల్లెల వాళ్లు దుప్పట్లు, తిండి పట్టుకొచ్చి అమ్ముకోవడం, ప్రయాణికులు నెగళ్లు వేసుకుని తెల్లవార్లూ కూర్చోవడం ఐదో భాగంలో ఉంది. ఆ రాత్రి ఎంత అందంగా ఉన్నా, ఆ అందానికి కారణం ఒక దేశపు దరిద్రమేనన్న సంగతి సన్నివేశంలోనే ఉంది. దాన్ని దాచలేదు, అలాగని వేలెత్తి చూపించనూ లేదు. ఆ సన్నివేశాన్ని సభలో చూపించి, మీ మిత్రురాలినే మాట్లాడమనండి, మంచి చర్చ నడుస్తుంది.

నాయికా నాయకుల విషయానికి వస్తే, సే-రి పాత్ర అతనికన్నా మెరుగ్గా రాసింది. ముప్పైల్లో ఉన్న స్త్రీ, సొంత సంస్థను కట్టుకున్నది, గడుసుది, బేరమాడటం తెలిసినది, ఎక్కడ పడేసినా బతకగలది. అదే సమయంలో సవతి తల్లి చేతిలో చిన్ననాడు చీకటి సముద్రపు ఒడ్డున ఒంటరిగా వదిలివేయబడిన పిల్ల, ఒకప్పుడు చనిపోవాలనుకుని స్విట్జర్లాండ్ దాకా వెళ్లిన మనిషి. డబ్బున్న అమ్మాయి పల్లెలో పడే అవస్థలతో నవ్వించడం దగ్గరే రచయిత్రి ఆగిపోయి ఉంటే మీ రెండో మిత్రురాలి మాట నిజమయ్యేది. జంగ్-హ్యోక్ మాత్రం మచ్చలేని మనిషి. సేమ్యాలు చేత్తో చేసి వండుతాడు, కాఫీ గింజలు వేయించి దంచుతాడు, తుపాకీ పేలుస్తాడు, పియానో వాయిస్తాడు, అసూయపడినా అందంగా పడతాడు. పాత కొరియన్ కథల్లో నాయకులు నాయిక మణికట్టు పట్టుకుని ఈడ్చుకుపోయేవాళ్లు కనుక ఇది మెరుగుదలే, ఒప్పుకుంటాను. కానీ తప్పు చేయని మనిషి కథలో మారడానికి మిగిలేదేమీ ఉండదు. హ్యున్ బిన్ నిదానపు నటన ఆ లోటును చాలావరకు కప్పింది. సంతలో దారి తప్పిన సే-రి కోసం జనం మధ్య సువాసన కొవ్వొత్తిని తలపైకెత్తి నిలబడి, ఈసారి తెచ్చినది సరైనదేనా అని అడిగే సన్నివేశంలో, అంతకుముందు ఆమె అడిగితే మామూలు కొవ్వొత్తి తెచ్చి ఇచ్చిన అమాయకత్వం గుర్తొస్తుంది. ప్రేమను మాటల్లో చెప్పకుండా ఒక వస్తువు మీద పెట్టి చెప్పడంలో ఈ రచయిత్రి చేయి తిరిగినది.

గారడీ గురించి అడిగారు. గారడీ ఉంది. ప్రతి భాగం ముగిశాక వచ్చే చిన్న కొసరు సన్నివేశాలను గమనించండి. అప్పటిదాకా చూసినదాన్ని వెనుక నుంచి ఇంకొక వెలుగులో చూపించి, మనం ఆపేద్దామనుకున్న క్షణంలో గుండె పట్టుకుంటాయి. స్విట్జర్లాండ్‌లో ఏళ్ల కిందటే వీళ్లిద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఎదురుపడ్డారని, సరస్సు ఒడ్డున అతను వాయించిన పాట ఆమెను బతకనిచ్చిందని తెలిసినప్పుడు అది కథకు లోతునిచ్చింది. అదే కిటుకును మళ్లీ మళ్లీ వాడి యాదృచ్ఛికాలను పేర్చేసరికి, విధి రాసిపెట్టిన ప్రేమ అయిపోయి, పల్లెలో వాళ్లు రోజురోజుకూ కష్టపడి సంపాదించుకున్న ప్రేమ విలువ తగ్గింది. నామ్ హే-సంగ్ సంగీతం చాలా బాగుంది కానీ, దాన్ని కూడా అవసరానికి మించి మోగించారు. అందుకని మీ కన్నీళ్లలో కొన్ని కథవి, కొన్ని కిటుకువి. ఏవి ఏవో ఇప్పుడు మీరే విడదీయగలరు.

పదో భాగం నుంచి కథ సోల్‌కు మారుతుంది, అక్కడే మీ విసుగు మొదలైంది. ప్రతినాయకుడు సరిహద్దు దాటి వస్తాడు, అతని వెనుక నాయకుడు సొరంగంలోంచి వస్తాడు, వెనుకే ఆ ఊరి సైనికులు, మాన్-బోక్ ఒక క్రీడాబృందంలో కలిసి వస్తారు. అంతమంది వచ్చాక అది సరిహద్దేనా? సే-రి అన్నలు, వదినలు ఆస్తి కోసం పన్నే కుట్రలు వస్తాయి. ఈ కుట్రల విషయంలో మీ రెండో మిత్రురాలు మన సీరియళ్లతో పెట్టిన పోలిక నూటికి నూరుపాళ్లు ఒప్పు. ఒకసారి తూటా తగిలి ఆస్పత్రి పాలైన నాయికను మళ్లీ ప్రాణాపాయంలోకి నెట్టడం రచయిత్రి దగ్గర సరుకు అయిపోయిందనడానికి గుర్తు. భాగాల నిడివి కూడా పెరుగుతూ పోయింది. సైనికులు వేయించిన కోడిమాంసం దుకాణంలో పదేపదే కూర్చోవడం కథ కోసం కాదని, ఖర్చు పెట్టిన వ్యాపార సంస్థ కోసమని చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది.

ఆ సగంలోనూ రెండు విషయాలు నిలుస్తాయి. ఒకటి, సవతి తల్లికీ సే-రికీ మధ్య మెల్లగా విడిపోయే ముడి. దాన్ని ఏడుపులతో కాక ఎక్కువగా మౌనంతో నడిపించారు. రెండోది, జంగ్-హ్యోక్‌తో పెళ్లి నిశ్చయమై ఉన్న సో దాన్ కథ. ఆమెను అసూయతో విషం కక్కే రెండో కథానాయికగా మార్చకుండా ఆత్మగౌరవం ఉన్న మనిషిగా నిలబెట్టారు. మోసగాడైన గు సంగ్-జున్‌తో ఆమె చెలిమి ప్రధాన ప్రేమకథ కన్నా సహజంగా ఎదిగింది. అతన్ని చంపేయడం మాత్రం నేను క్షమించలేకపోయిన లోపం. ఆ చావు కథలోంచి పుట్టలేదు, ఎక్కడో ఒకచోట విషాదం ఉండాలి, అది ప్రధాన జంటకు తగలకూడదు అన్న లెక్కలోంచి పుట్టింది.

ముగింపు మీద మీ సభలో తప్పకుండా వాదన వస్తుంది. నాయకుడు సైన్యం వదిలి తన దేశపు వాద్యబృందంలో పియానో వాయిద్యకారుడై, సే-రి స్విట్జర్లాండ్‌లో సంగీత విద్యార్థులకు సాయం చేసే సంస్థ పెట్టి, ఏడాదికి రెండు వారాలు మాత్రమే కలుసుకుంటారు. కొందరికి ఇది అరకొర ముగింపు. నాకు మాత్రం కథ చివరలో మళ్లీ నిజాయితీలోకి వచ్చిందనిపించింది. అతను దక్షిణాదికి వచ్చి స్థిరపడితే అతని తల్లిదండ్రుల గతి ఏమిటి? ఆమె ఉత్తరాదిలో ఉండగలదా? ఈ రెండూ కాదని మూడో దేశంలో పద్నాలుగు రోజులు ఇవ్వడం ద్వారా సరిహద్దును రచయిత్రి తిరిగి దాని చోట పెట్టింది. అంత నేరం మోసిన మనిషికి విదేశీ ప్రయాణానికి అనుమతి ఎలా దొరుకుతుందని ఎవరైనా అడిగితే, తండ్రి పదవి తప్ప మరో జవాబు లేదని ఒప్పేసుకోండి. అతను పియానో వాయించిన ఇసెల్ట్‌వాల్డ్ రేవుకు తరలివచ్చే అభిమానుల తాకిడి తట్టుకోలేక ఆ చిన్న ఊరు 2023 నుంచి రేవులోకి అడుగుపెట్టడానికి 5 స్విస్ ఫ్రాంకులు వసూలు చేస్తోంది, ఈ ముక్క చెబితే సభ నవ్వుతుంది.

మాట్లాడేటప్పుడు కథ మొత్తం చెప్పకండి, అరగంట అయిపోతుంది. సంత సన్నివేశం, రైలు రాత్రి, గీత దాటిన అడుగు, ఈ మూడింటిని పట్టుకుని బలాన్ని చెప్పండి. లోపాలకు కోడిమాంసం దుకాణం, సంగ్-జున్ చావు చాలు. మన రోజువారీ సీరియళ్లతో పోలిక వస్తే, పదహారు భాగాల్లో ముగించాలని ముందే తెలిసిన ఒకే రచయిత్రి రాసిన కథ కనుక మొదటి భాగంలో వేసిన విత్తనం చివరలో మొలవగలిగిందని, ఏళ్ల తరబడి సాగదీయవలసిన రచయితలకు ఆ వీలు ఉండదని చెప్పండి, మన రచయితలకు కూడా అన్యాయం చేసినట్టు కాదు.

మనవరాలి విషయం. ప్రేమ సన్నివేశాలు ముద్దు దాటి పోవు, ఆ భయం అక్కర్లేదు. తుపాకుల పోరాటాలు, తాగుడు ఉన్నాయి. వాటికన్నా జాగ్రత్తగా చూడవలసింది సే-రి చనిపోవాలనుకున్న గతం. అది కథకు కీలకం, తీసివేసి చూపించలేరు. నేనైతే ఇంకో రెండేళ్లు ఆగమంటాను. ఇప్పుడే చూస్తానని పట్టుబడితే ఒంటరిగా ఫోనులో చూడనివ్వకుండా మీరు పక్కన కూర్చుని చూడండి, ఆ ప్రస్తావన వచ్చినచోట ఆపి ఆమె ఏమనుకుంటోందో అడగండి. రెండు కొరియాలు ఎందుకు విడిపోయాయని ఆమె అడగడం ఖాయం, జవాబు చెప్పడానికి టీచరు గారు ఇంట్లోనే ఉన్నారు కదా.